ఆఖరి నిమిషంలో అల్ హమ్రా



పిల్లల ఇమ్తెహాన్లు అయిపోయి సెలవులు దగ్గర పడ్డాయంటే నాకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. ఒకటి దమ్మామ్ నుంచి, ఒకటి షార్జా నుంచి, ఇంకోటి జర్మనీలో ఉద్యోగం చేసే మనవాళ్ల దగ్గర నుంచి. "భాయిజాన్, ఈసారి స్పెయిన్ వెళ్తున్నాం. ఖుర్తుబా, గర్నాతా, అల్ హమ్రా. ఫ్లైట్ అయిపోయింది, హోటల్ అయిపోయింది. ఒక్క అల్ హమ్రా టికెట్టే దొరకట్లేదు. మీరు అఖ్బార్లలో పనిచేస్తారు కదా, ఎవరికైనా చెప్పి చూడండి."

అఖ్బార్‌లో పనిచేసేవాడి మాట అల్ హమ్రా గేటు దగ్గర ఎవరు వింటారు? మా ఊరి బస్టాండులోనే ఎవరూ వినరు. అయినా అడుగుతారు. ఎందుకంటే మన ఖాందాన్లలో ఏ దర్వాజా మూసుకున్నా మొదట గుర్తొచ్చేది తాళం కాదు, సిఫారిష్.

ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నా రాయ్ ముందే చెప్పేస్తాను. అల్ హమ్రా వాళ్ల టికెట్ కాయిదా సఖ్తుగా ఉంటుంది, కానీ అందులో ఇన్సాఫ్ ఉంది. దాన్ని సిఫారిష్‌తోనో బ్లాక్ టికెట్‌తోనో దాటాలని చూడకండి. అయితే అదే కాయిదా మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ల మీద ఒకచోట బరువుగా పడుతుంది. ఆ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి.

ముందు ఆ కాయిదా ఏమిటో చూద్దాం. అల్ హమ్రా అంటే ఒక్క భవనం కాదు. గుట్ట మీద ఒక చిన్న షహర్. ఒక కొసన పాత ఖిలా అల్కజాబా, ఇంకో కొసన జనరలీఫే బాగులు, మధ్యలో నస్రీ సుల్తానుల మహళ్లు. ఫోటోల్లో మీరు చూసే సింహాల ఫౌంటెన్ ఆ మహళ్లలోనే ఉంది. మిగతా భాగాల్లో పొద్దంతా తిరగొచ్చు. నస్రీ మహళ్లలోకి మాత్రం అరగంటకు 300 మందినే వదులుతారు. జనరల్ టికెట్ కొనేటప్పుడే ఆ అరగంట ఏదో ఎంచుకోవాలి. టికెట్ మీద ప్రతి మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. లోపల మళ్లీ అసలు పాస్‌పోర్టు చూపించమంటారు, ఫోన్లో ఫోటో ఉందంటే కుదరదు. మీ అరగంట దాటిందో, మహళ్లు మీకు లేనట్టే. ధర పెద్దవాళ్లకు సుమారు 20 యూరోలు. 12 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం, కానీ వాళ్ల పేరు మీద కూడా టికెట్ తీసుకోవాల్సిందే. ఏటా 20 లక్షల మందికి పైగా వచ్చే చోటు కాబట్టి సెలవు రోజుల టికెట్లు వారాల ముందే అయిపోతాయి.

"ఇంత సఖ్తీ ఎందుకు? తాజ్ మహల్‌కు పోయిన రోజు పోయి టికెట్ తీసుకోవట్లేదా?" అని మా ఖాలా కొడుకు అడిగాడు. సరైన సవాలే. తాజ్ పాలరాయి. అల్ హమ్రా గోడలు ఎక్కువ భాగం గచ్చు. మన గోల్కొండ గుంబదుల మీద సున్నంతో చేసిన పూలు, తీగలు చూసి ఉంటారు కదా, అలాంటి పని అక్కడ గోడ నిండా, కమాను నిండా, చెయ్యి పెడితే రాలిపోయేంత సన్నగా ఉంటుంది. సింహాల చౌక్ చుట్టూ ఉన్న 124 స్తంభాలు మన చేతి కర్రల్లా నాజూకుగా ఉంటాయి. వెయ్యి మంది ఒకేసారి దూరితే వాళ్ల ఊపిరి తేమ, బ్యాగుల రాపిడి, "ఒక్కసారి ముట్టుకుని చూద్దాం" అనే చేతులు కలిసి ఆ గోడను తినేస్తాయి. తాజ్‌కు కూడా చివరికి ఆ గతి రాకుండా 2018లో మూడు గంటల గడువు పెట్టారు. అదే ఏడాది డిసెంబర్ నుంచి అసలు మఖ్బరా లోపలికి వెళ్లడానికి వేరుగా 200 రూపాయలు తీసుకుంటున్నారు. భీడ్ తగ్గించడానికి మనవాళ్లు ధర పెంచారు, వాళ్లు తలలు లెక్కపెట్టారు. ఈ రెండింటిలో పేదవాడికి ఏది నయం? నన్నడిగితే తలలు లెక్కపెట్టడమే. 200 రూపాయలు లేనివాడు ఎంత ముందు వచ్చినా లోపలికి పోలేడు. వరసలో ముందు నిలబడటానికి మాత్రం డబ్బున్నవాడు కానక్కర్లేదు.

ఇక టికెట్ మీద పేరు సంగతి. మనవాళ్లలో చాలామందికి ఇది తౌహీన్‌లా తోస్తుంది. "చూడటానికి పోతే పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడుగుతారేంటి" అంటారు. కొంచెం ఆలోచించండి. పేరు లేని టికెట్‌ను ఎవరు కొంటారు? వంద టికెట్లు ఒకేసారి కొని, గేటు బయట మూడింతలకు అమ్మేవాడు కొంటాడు. పాత సినిమా హాళ్ల ముందు ఈద్ రోజు మనం చూడని తమాషానా ఇది? పేరు రాయడంతో ఆ దుకాణం బంద్ అవుతుంది. ఇంకో ఫాయిదా ఏమిటంటే సిఫారిష్ కూడా బంద్ అవుతుంది. వజీర్ కొడుకు పేరైనా, దమ్మామ్‌లో క్రేన్ నడిపేవాడి పేరైనా అదే అరగంటలో, అదే వరసలో ఉంటుంది. మన దేశంలో దర్గాల్లో, కోటల్లో, ఆస్పత్రుల్లో వీఐపీ దర్వాజా చూసి కడుపు మండి తిట్టుకునేవాళ్లం మనమే. వేరే దేశంలో ఆ దర్వాజా లేదని తెలిస్తే ఖుషీ కావాలి కదా? ఎక్కడైనా చిన్న కంత ఉందేమో అని వెతకడం ఏం మర్యాద? పైగా పక్కన పిల్లలు వింటుంటారు. వరసలో నాకంటే ముందున్నవాడి హఖ్ ఏమిటో వాళ్లు నేర్చుకునేది కితాబుల్లో కాదు, ఫోన్లో అబ్బా ఎవరిని ఏం అడుగుతున్నాడో విని.

ఈ మాటలన్నీ చెప్పాక మా ఖాలా కొడుకు బేగం ఫోన్ తీసుకుంది. ఆమె అన్నది ఇక్కడ ఉన్నది ఉన్నట్టు పెట్టకపోతే నా లెక్క ఒకవైపే అవుతుంది. "భాయిజాన్, మీరు ముందే కొనమంటారు. మా వీసా ప్రయాణానికి పది రోజుల ముందు చేతికొచ్చింది. ఈయనకు ఛుట్టీ ఎప్పుడిచ్చేదీ కఫీల్ ఆఖర్లో చెప్పాడు. వీసా వస్తుందో రాదో తెలియకుండా పేరు, పాస్‌పోర్టు నంబరు రాసి టికెట్ ఎలా కొనాలి? ఫ్రాన్స్ వాళ్లు కారెక్కి వచ్చేస్తారు. వాళ్లకు ముందే కొనడం ఆసాన్. ఆఖరి నిమిషం మా లాపర్వాహీ కాదు, మా పాస్‌పోర్టు రంగు."

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. చూడబోతే అందరికీ ఒకటే కాయిదా. కానీ ఆ కాయిదా దగ్గరికి రావడానికి ఒకడికి ఒక మెట్టు, మనకు పది మెట్లు. వీసా అడగాలి, బ్యాంకు కాగితాలు చూపాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఎదురుచూడాలి. వరస ఎంత ఇన్సాఫ్‌గా ఉన్నా వరసలో నిలబడే చోటికే ఆలస్యంగా వచ్చేలా చేసే దునియా ఒకటుంది. ఆ దునియాను అల్ హమ్రా వాళ్లు తయారు చేయలేదు, నిజమే. కానీ దాని నుక్సాన్ కొంత తగ్గించడం వాళ్ల చేతుల్లో ఉంది. ప్రతి అరగంటలో కొన్ని చోట్లు ఆ వారంలో వచ్చేవాళ్ల కోసం ఆపి ఉంచొచ్చు. వీసా రాని మనిషి కాగితం చూపిస్తే డబ్బు వాపస్ ఇవ్వొచ్చు. ఇది ఖైరాత్ అడగడం కాదు. దూరం నుంచి వచ్చేవాడి హాలత్ కూడా లెక్కలో పెట్టమనడం.

వాళ్లు అలా చేసేదాకా మనం చేయగలిగింది మనం చేద్దాం. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. మనవాళ్లలో ఎక్కువమంది చివరి నెలలో పెడతారు. మామూలుగా 15 రోజుల్లో జవాబు వస్తుంది కానీ 45 రోజుల దాకా పట్టొచ్చు. కాబట్టి ఛుట్టీ సుమారుగా ఎప్పుడో తెలిసిన రోజే కాగితాలు మొదలుపెట్టండి. రెండోది, ప్రయాణంలో పెట్టే ఖర్చులన్నిటిలో సస్తాది అల్ హమ్రా టికెట్టే. భార్యాభర్తలకు సుమారు 40 యూరోలు, చిన్నపిల్లలకు ఏమీ లేదు. ఫ్లైట్ టికెట్ వీసాకు ముందే కొనే ధైర్యం ఉన్నవాళ్లు ఈ 40 యూరోలకు ఎందుకు భయపడతారు? గర్నాతా వెళ్లేది అల్ హమ్రా కోసమే అయితే మొదట ఆ అరగంట చూసుకోండి, తర్వాత హోటల్ చూసుకోండి. మనం తలకిందులుగా చేస్తున్నాం.

సరే, ఇవేవీ కాలేదు. నాలుగు రోజుల్లో ప్రయాణం, టికెట్ లేదు. అప్పుడేం చేయాలి?

అల్ హమ్రాను చూసుకునే సర్కారీ సంస్థ పేరు పత్రొనాతో. టికెట్లు అమ్మే అసలు సైటు వాళ్లదే. గూగుల్‌లో వెతికితే అదే రంగులు, అవే ఫోటోలు పెట్టుకున్న సైట్లు దానికంటే ముందు కనిపిస్తాయి. అడ్రసు అక్షరం అక్షరం చదివి గానీ కార్డు నంబరు కొట్టకండి. రోజుకు నాలుగైదుసార్లు, ముఖ్యంగా అర్ధరాత్రి తర్వాతా తెల్లవారుజామునా, ఆ సైటు తెరిచి చూడండి. ఎవరో వదులుకున్నవీ, మిగిలిపోయినవీ ఒకటీ రెండూ తిరిగి కనిపిస్తుంటాయి. ఫజర్‌కు లేచే ఇళ్లకు ఇదేం కష్టం కాదు. నలుగురికీ ఒకే అరగంట దొరకకపోతే ఇద్దరిద్దరుగా చూడండి.

జనరల్ టికెట్ లేదని సైటు చెప్పినంత మాత్రాన అన్నీ అయిపోయినట్టు కాదు. నస్రీ మహళ్లను రాత్రిపూట చూపించే టికెట్ వేరేగా ఉంటుంది. దోబ్లా దే ఓరో అనే టికెట్‌లో అల్ హమ్రాతో పాటు కింద ఊళ్లో ఉన్న పాత ముస్లిం ఇళ్లు, హమ్మామ్ కూడా కలుస్తాయి. గ్రనాడా కార్డ్ అనే షహర్ పాస్‌లోనూ అల్ హమ్రా ఉంది. ఒక్కోదానికి ఒక్కో కోటా కాబట్టి ఒకచోట లేనిది ఇంకోచోట ఉండొచ్చు. ఇవేవీ లేకపోతే బాగులు, అల్కజాబా చూపించే టికెట్ తీసుకోండి. అందులో నస్రీ మహళ్లు ఉండవు, ఆ సంగతి తెలిసే కొనండి. లైసెన్సు ఉన్న గైడ్‌తో వెళ్లే గ్రూపులో చేరడం కూడా జాయిజే. ధర బాగా ఎక్కువ, కానీ మనిషి ఇల్మ్‌కు ఇచ్చే ఫీజు అది, బ్లాక్ కాదు. రోడ్డు మీద "అమిగో, టికెట్" అంటూ వచ్చేవాడు మాత్రం వేరే రకం. టికెట్ మీద మీ పేరు లేకపోతే ఆ కాగితంతో పిల్లల పడవ చేసుకోవడం తప్ప ఇంకేం పని ఉండదు.

టికెట్ దొరికినవాళ్లకు ఒక చిన్న మాట. జనరలీఫే వైపు గేటు నుంచి నస్రీ మహళ్ల దాకా నడవడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అమ్మీ మోకాళ్ల నొప్పులతో నడుస్తుంటే అరగంట వేసుకోండి. గేటు దగ్గరికి టైముకు వచ్చి మహళ్ల దగ్గరికి లేటుగా చేరిన ఖాందాన్ల కథలు చాలానే విన్నాను.

ఇక, ఏమీ దొరకలేదు అనుకోండి. అదేం జిల్లత్ కాదు. గర్నాతా మొత్తం టికెట్ వెనకాల లేదు. అల్ హమ్రా గుట్ట మీదికే టికెట్ లేకుండా ఎక్కొచ్చు. 1348లో మొదటి యూసుఫ్ సుల్తాన్ కట్టించిన ఇన్సాఫ్ దర్వాజా గుండా నడిచి లోపలికి రావొచ్చు. ఐదో చార్లెస్ రాజు మహల్ చౌక్ చూడొచ్చు. పాత షాహీ మస్జిద్ ఉన్న చోట ఇప్పుడు చర్చి ఉంది, దాని పక్కన మస్జిద్ హమ్మామ్ మాత్రం ఇంకా నిలిచి ఉంది. కింద ఊళ్లోకి దిగితే 1349లో అదే సుల్తాన్ పెట్టిన మద్రసా కనిపిస్తుంది. ఇప్పుడు అది గ్రనాడా యూనివర్సిటీ చేతిలో ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా గర్నాతాను గెలిచిన ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల సమాధులున్న చాపెల్. ఆ ఇరుకు వీధిలో ఐదు నిమిషాలు నిలబడితే తారీఖ్ రెండు వైపులా కనిపిస్తుంది.

ఆ తర్వాత అల్బైసీన్ మొహల్లా ఎక్కండి. సాన్ నికొలాస్ చౌరస్తా నుంచి ఎదురు గుట్ట మీద అల్ హమ్రా మొత్తం కనిపిస్తుంది. దాని పక్కనే ఒక మస్జిద్ ఉంది. 1492 జనవరి 2న అబూ అబ్దుల్లా సుల్తాన్ తాళాలు అప్పగించాక, ఐదు వందల ఏళ్లు గడిచాక, 2003లో తెరిచిన మస్జిద్ అది. దాని బాగ్‌లో నిలబడి అల్ హమ్రాను చూడటానికి అందరికీ ఇజాజత్ ఉంది. అక్కడ అసర్ చదవడానికి ఏ పత్రొనాతో టికెట్టూ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది ఒక వాక్యం అంటారు. "మన బాప్ దాదాలు కట్టిన ఇంట్లోకి మనకే టికెట్ లేదంట." ఆ దర్ద్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఉర్దూ మీడియం బడి లైబ్రరీలో నసీమ్ హిజాజీ 'షాహీన్' చేతులు మారి మారి అట్టలు ఊడిపోయి ఉండేది. గర్నాతా పతనం చదివి ఏడవని పిల్లాడు మా క్లాసులో లేడు. వెనక్కి తిరిగి చూసి నిట్టూర్చిన సుల్తాన్ కథ మనకు నోటికొచ్చు. ఆ ఒప్పందంలో ముస్లింలకు ఇచ్చిన వాదాలు పదేళ్లు గడవక ముందే ఎలా తప్పారో కూడా తెలుసు.

కానీ ఇన్సాఫ్‌గా చెప్పుకుందాం. మన బాప్ దాదాలు అల్ హమ్రా కట్టలేదు. వాళ్లు ఇక్కడే మగ్గాలు నేశారు, దూది ఏకారు, లారీలు తోలారు. నస్రీ సుల్తానులతో మనకు ఏ నెత్తురు చుట్టరికమూ లేదు. ఆ ఇంటితో మన రిష్తా ఇంకోటి. అది లిపి. ఆ గోడల మీద "వలా గాలిబ ఇల్లల్లాహ్", అంటే అల్లాహ్ తప్ప విజేత లేడు, అనే మాట వందలసార్లు చెక్కి ఉంది. సింహాల ఫౌంటెన్ అంచు మీద వజీర్, షాయర్ అయిన ఇబ్న్ జమ్రక్ షాయరీ ఉంది. కొమారెస్ దర్బార్ హాలులో వేల చెక్క ముక్కలతో చేసిన పైకప్పు కింద సూరయె ముల్క్ రాసి ఉంది. మన ఇళ్లలో ఇషా తర్వాత నానీమాలు చదివే అదే సూరా. డిగ్రీలో తెలుగు శాసనాలు చదివేటప్పుడు మా సారు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివించేవాడు. రాయి మాట్లాడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. అల్ హమ్రాకు వచ్చే లక్షల మందిలో ఎక్కువమందికి ఆ గోడ ఒక డిజైన్. నాజ్రా ఖుర్ఆన్ చదివిన మన తెలుగు ఇంటి పిల్లకు అది చదవగలిగే పేజీ.

అలాంటి పిల్లను టికెట్ లేదన్న కోపంతోనో, మూడింతలు పోశామన్న చిరాకుతోనో ఆ హాల్లోకి తీసుకెళ్తే ఏం చూస్తుంది? నాలుగు సెల్ఫీలు తీసుకుని బయటికొస్తుంది. అదే నెల ముందు నుంచి ఇంట్లో కూర్చోబెట్టి ఆ మూడు ముక్కల వాక్యాన్ని కాగితం మీద వంకర అక్షరాల్లో రాయించండి. సూరయె ముల్క్ మొదటి ఆయత్ రాతలో ఎలా ఉంటుందో చూపించండి. లోపలికి పోయిన ఐదో నిమిషంలో "అబ్బా, ఇదిగో ఇక్కడుంది" అని అరుస్తుంది. ఆ అరగంట విలువ అది.

అందుకే అంటున్నాను, తయారీ అంటే ఒక్క టికెట్ కొనడమే కాదు. ఆ తయారీ ఉన్న ఇంటికి ఆఖరి నిమిషంలో టికెట్ దొరకకపోయినా గర్నాతా ఖాళీ చేతులతో పంపదు. ఇన్సాఫ్ దర్వాజా దగ్గరా, మద్రసా లోపలా ఆ రాతలు ఉన్నాయి. అవి చదువుకోవడానికి ఎవరి సిఫారిష్ కావాలి?

వచ్చే సెలవుల్లో వెళ్లేవాళ్లు ఈ వారమే వీసా కాగితాలు తీయండి. పిల్లల చేతికి ఈ రాత్రే ఒక పెన్సిల్ ఇవ్వండి. దుఆల్లో యాద్ ఉంచుకోండి.

ఖుదా హాఫిజ్.